ఊరి ఆదాయం, వాషింగ్టన్ గీత

హైదరాబాద్ నుంచి డాలస్‌కు రానూపోనూ టికెట్ కొన్నప్పుడు, ఛార్జీ కింద పన్నుల వివరాలు ఉన్నచోట ఒకసారి తెరిచి చూడండి. రెండక్షరాల కోడ్‌లు వరసగా కనిపిస్తాయి. ఏవై అంటే అమెరికా భద్రతా రుసుము. ఎక్స్‌వై ఇమిగ్రేషన్‌ది, వైసీ కస్టమ్స్‌ది, ఎక్స్‌ఏ వ్యవసాయ తనిఖీలది. వీటి మధ్య ఎక్స్‌ఎఫ్ అని ఇంకొకటి, దాని పక్కన ఎయిర్‌పోర్టు కోడ్ మూడక్షరాల్లో, ఆ వెంటనే 4.5 అన్న అంకె ఉంటాయి. పైన చెప్పిన మిగతా నాలుగూ ఫెడరల్ ప్రభుత్వానికి వెళ్తాయి. ఈ ఎక్స్‌ఎఫ్ మాత్రం మనం విమానం ఎక్కిన ఎయిర్‌పోర్టుకు చేరుతుంది. డాలస్‌లో అయితే ఆ ఎయిర్‌పోర్టు రెండు నగరపాలక సంస్థల ఉమ్మడి ఆస్తి: డాలస్, ఫోర్ట్‌వర్త్. 1974 జనవరిలో మొదలైంది. 17 వేల ఎకరాల పైచిలుకు స్థలం. 2024లో అక్కడి నుంచి రాకపోకలు సాగించినవాళ్లు 8 కోట్ల 70 లక్షల మందికి పైనే.

ఆ నాలుగున్నర డాలర్లకు మించి ఒక్క సెంటు కూడా వసూలు చేసే అధికారం ఆ రెండు నగరాలకు లేదు. ఆ గీత గీసింది అమెరికా కాంగ్రెస్. గీసిన సంవత్సరం 2000. ఇప్పటికీ అది అక్కడే ఉంది.

ఇదే డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలో ఒక తెలుగు కుటుంబం ఆన్‌లైన్‌లో 100 డాలర్ల ప్రెషర్ కుక్కర్ తెప్పించుకుంది అనుకుందాం. బిల్లులో 8 డాలర్ల 25 సెంట్ల అమ్మకపు పన్ను ఉంటుంది. అందులో 6.25 టెక్సస్ రాష్ట్రానిది, 2 డాలర్లు స్థానికానివి. పదేళ్ల క్రితం అమ్మినవాళ్ల దుకాణం టెక్సస్‌లో లేకపోతే ఈ 8.25 ఎవరూ వసూలు చేసేవారు కాదు. చేయమని అడిగే హక్కు రాష్ట్రానికీ లేదు, ఊరికీ లేదు. ఆ గీతను 1967లో ఒకసారి, 1992లో మరోసారి సుప్రీంకోర్టు గీసింది. 2018లో తానే చెరిపేసింది.

అమెరికా నగరాలు, కౌంటీలు ఏళ్ల తరబడి వాషింగ్టన్‌కు తీసుకెళ్లే వినతి జాబితాలో ఈ రెండూ పక్కపక్కనే ఉండేవి. నేషనల్ లీగ్ ఆఫ్ సిటీస్, కౌంటీల జాతీయ సంఘం, మేయర్ల సదస్సు అనే మూడు పెద్ద సంఘాలు వీటిమీద పదేపదే కాంగ్రెస్ తలుపు తట్టాయి. ఒకటి ఎయిర్‌పోర్టు, ఇంకొకటి ఇంటర్నెట్ కొనుగోళ్లు. పైకి పొంతన లేనివి. అడుగున ఉన్నది ఒకే ప్రశ్న: కట్టాల్సిన రోడ్డూ రన్‌వే ఊరివే అయినప్పుడు, వాటికోసం ఎంత వసూలు చేసుకోవాలో నిర్ణయించేది ఎవరు?

ఎయిర్‌పోర్టు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

మన దగ్గర ఎయిర్‌పోర్టు అనగానే గుర్తొచ్చేది భారత విమానాశ్రయాల సంస్థ, లేదా ప్రైవేటు కంపెనీ. శంషాబాద్‌లో ఆ సంస్థకు 13 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం వాటా, మిగిలింది జీఎమ్మార్‌ది. మున్సిపాలిటీకి అందులో స్థానం లేదు. అమెరికాలో అందుకు పూర్తి విరుద్ధం. ప్రయాణికుల విమానాలు దిగే ఎయిర్‌పోర్టుల్లో దాదాపు అన్నీ నగరాలవో, కౌంటీలవో, అవి పెట్టుకున్న ప్రత్యేక సంస్థలవో. రన్‌వే పగిలితే జవాబు చెప్పాల్సింది అక్కడి కౌన్సిల్.

ఖర్చుకు మూడు దారులున్నాయి. మొదటిది ఫెడరల్ గ్రాంటు. ప్రయాణికుల టికెట్ మీద 7.5 శాతం పన్ను, ఎక్కిన ప్రతి విమానానికీ 2024లో 5 డాలర్ల రుసుము, ఇంకా సరుకు మీదా ఇంధనం మీదా వేసే పన్నులు కలిసి 1970లో పెట్టిన ఒక ట్రస్ట్ ఫండ్‌లో పడతాయి. అందులోంచి ఏఐపీ అనే పథకం కింద ఎయిర్‌పోర్టులకు గ్రాంట్లు ఇస్తారు. దేశంలో ఈ గ్రాంటుకు అర్హత ఉన్నవి సుమారు 3,300. రెండోది ఆ ఎక్స్‌ఎఫ్. దాని అసలు పేరు ప్యాసెంజర్ ఫెసిలిటీ ఛార్జ్, వాడుకలో పీఎఫ్‌సీ. మూడోది సొంత సంపాదన: పార్కింగ్, దుకాణాల అద్దెలు, ఎయిర్‌లైన్లు కట్టే ల్యాండింగ్ రుసుములు. ఈ రాబడిని చూపించి బాండ్లు జారీచేసి అప్పు తెస్తారు. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో టెర్మినల్ లేచేది ఎక్కువగా ఆ అప్పుతోనే.

మొదటి దారి లెక్క చూద్దాం. ఏఐపీకి కాంగ్రెస్ 2012 నుంచి 2023 వరకు ప్రతి ఏడాదీ ఇచ్చిన అనుమతి 335 కోట్ల డాలర్లు. పన్నెండేళ్లు అదే అంకె. 2024 మే 16న బైడెన్ సంతకం చేసిన చట్టం దాన్ని 2025 నుంచి 400 కోట్లకు పెంచింది. సెనేట్‌లో 88–4, ప్రతినిధుల సభలో 387–26 ఓట్లతో నెగ్గిన చట్టం అది. స్థానిక సంఘాలు దాన్ని విజయంగా చెప్పుకున్నాయి, చెప్పుకోవాల్సిందే. కానీ అమెరికా వినియోగ ధరల సూచీ ప్రకారం 2012 నాటి 335 కోట్లు 2023లో దాదాపు 445 కోట్లతో సమానం. అంటే పెంచిన తర్వాత కూడా, కొనే శక్తి లెక్కన ఎయిర్‌పోర్టుల చేతికి వచ్చేది 2012 కంటే తక్కువే.

మధ్యలో పెద్ద సాయం అందిన మాట నిజం. కోవిడ్ వచ్చిన 2020 మార్చిలో 1,000 కోట్ల డాలర్లు, 2021 నవంబరు మౌలిక వసతుల చట్టంలో ఎయిర్‌పోర్టు పనులకు 1,500 కోట్లు, టెర్మినళ్లకు విడిగా 500 కోట్లు. రెండోది ఐదేళ్లకు సరిపెట్టుకోవాల్సిన సొమ్ము. ఎయిర్‌పోర్టుల సంఘం 2023లో వేసిన అంచనా ప్రకారం ఐదేళ్లలో చేయాల్సిన పనుల విలువ 15,100 కోట్లు. అది అడిగేవాళ్ల సొంత లెక్క కాబట్టి కొంత తగ్గించుకుని చదవాలి. సగానికి తగ్గించినా ఈ గ్రాంట్లన్నీ కలిపి దాని దరిదాపులకు రావు.

ఒక డాలరు నుంచి నాలుగున్నర దాకా

పీఎఫ్‌సీ కథ తెలిస్తేగానీ ఈ గీత ఎంత గట్టిదో అర్థం కాదు. ఇండియానా రాష్ట్రంలో ఎవాన్స్‌విల్ అనే ఊరుంది. అక్కడి ఎయిర్‌పోర్టు సంస్థ, విమానం ఎక్కే ప్రతి ప్రయాణికుడి తరఫునా ఒక డాలరు కట్టమంది. డెల్టా ఎయిర్‌లైన్స్ కోర్టుకు వెళ్లింది. 1972లో సుప్రీంకోర్టు ఊరి పక్షాన తీర్పిచ్చింది: ఎయిర్‌పోర్టు వాడుకునేవాళ్ల దగ్గర దాని ఖర్చు న్యాయమైన మేరకు వసూలు చేసుకోవచ్చని. ఎయిర్‌లైన్లు వెంటనే కాంగ్రెస్ దగ్గరకు వెళ్లాయి. మరుసటి ఏడాదే, 1973లో, తలసరి పన్నును నిషేధిస్తూ చట్టం వచ్చింది. కోర్టులో గెలిచిన ఊళ్లు ఏడాది తిరిగేసరికి చట్టసభలో ఓడిపోయాయి.

పదిహేడేళ్లు అలాగే గడిచాయి. 1990లో కాంగ్రెస్ కాస్త తలుపు తీసి, మనిషికి 3 డాలర్ల వరకు వసూలు చేసుకోవచ్చంది. 2000లో దాన్ని 4.50 చేసింది. ఒకవైపు ప్రయాణానికి రెండుసార్లకు మించి, రానూపోనూ నాలుగుసార్లకు మించి వేయకూడదు. కాబట్టి ఎంత తిరుగుడు టికెట్ అయినా పీఎఫ్‌సీ 18 డాలర్లు దాటదు. వసూలుచేసి పెట్టినందుకు ఎయిర్‌లైన్ 11 సెంట్లు ఉంచుకుంటుంది. ఎయిర్‌పోర్టుకు మిగిలేది 4.39.

ఏటా కోటి మంది విమానం ఎక్కే ఎయిర్‌పోర్టును ఊహించుకోండి. అందరి దగ్గరా పూర్తిగా వసూలైతే ఏడాదికి 4 కోట్ల 39 లక్షల డాలర్లు. 2000లో ఆ సొమ్ముతో ఎంత కాంక్రీటు, ఎంత ఉక్కు వచ్చేదో, అంతే కొనాలంటే 2024లో 4.50 బదులు 8 డాలర్ల 20 సెంట్లు వసూలు చేయాలి. అప్పుడు అదే కోటి మంది నుంచి 8 కోట్లకు పైగా వస్తాయి. తేడా దాదాపు 3 కోట్ల 70 లక్షలు, అదీ ఒక్క ఏడాదికి. బాండ్ల మీద అప్పు తెచ్చేవాళ్లకు ఏటా నికరంగా వచ్చే రాబడి ఎంతుంటే అప్పు అంత పుడుతుంది. ఒక కొత్త గేట్ల వరస కట్టాలా, పాతవాటికే మళ్లీ సున్నం వేయాలా అన్నది ఈ తేడా దగ్గర తేలుతుంది.

ఎయిర్‌లైన్ల వాదన కూడా వినాలి. ప్రయాణికుడికి తన ఊళ్లో మరో ఎయిర్‌పోర్టు ఉండదు, కాబట్టి అడ్డు లేకపోతే ఎంతైనా పెంచుతారంటారు. ట్రస్ట్ ఫండ్‌లో నిల్వ ఉందంటారు. టికెట్ మీద ఇప్పటికే పన్నులు మోయలేనంత ఉన్నాయంటారు. మొదటి మాటలో న్యాయం ఉంది. గుత్తాధిపత్యం ఉన్నచోట ఒక గీత అవసరమే. అయితే ఇవే ఎయిర్‌లైన్లు 2023లో ఒక్క బ్యాగుల మీదే 700 కోట్ల డాలర్లు వసూలు చేశాయి. దానిమీద 7.5 శాతం టికెట్ పన్ను పడదు, ఎందుకంటే బ్యాగు రుసుము టికెట్ ధరలో భాగం కాదు. పడి ఉంటే, విదేశీ ప్రయాణాల వాటా కొంత తీసేసినా, ట్రస్ట్ ఫండ్‌కు 50 కోట్ల డాలర్ల దరిదాపు చేరేది. ప్రయాణికుడి జేబు మీద జాలి అయితే, ఆ జాలి అక్కడ కూడా కనిపించాలి కదా.

అసలు గొడవ వేరేచోట ఉందని నా నమ్మకం. ఎయిర్‌లైన్లు ఎయిర్‌పోర్టుతో చేసుకునే దీర్ఘకాలిక ఒప్పందాల్లో, పెద్ద నిర్మాణాల మీద తమ మాట చెల్లేలా షరతులు పెట్టుకుంటాయి. అద్దెల మీద నడిచే డబ్బులో వాళ్లకు పట్టు ఉంది. పీఎఫ్‌సీ డబ్బుకు ఫెడరల్ విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఆమోదం కావాలి, ఎయిర్‌లైన్లను సంప్రదించాలి, కానీ వాళ్ల అనుమతి అక్కర్లేదు. దానితో నగరం కొత్త గేట్లు కట్టి, పోటీ కంపెనీకి ఇవ్వగలదు. ఊళ్లోకి కొత్త ఎయిర్‌లైన్ వస్తే టికెట్ ధర తగ్గుతుంది. నాలుగు డాలర్లు ఎక్కువ కట్టిన ప్రయాణికుడు అంతకు మించి మిగుల్చుకునే అవకాశం అక్కడుంది.

2020 జనవరిలో రాండ్ సంస్థ, కాంగ్రెస్ అడిగిన మీదటే, ఈ విషయం మీద నివేదిక ఇచ్చింది. ప్రయాణం మొదలయ్యే ఎయిర్‌పోర్టులో పీఎఫ్‌సీ హద్దు 7.50 చేయాలని, ధరలతోపాటు అది పెరుగుతూ పోవాలని సూచించింది. అంతకుముందు సెనేట్‌లో 8.50 ప్రతిపాదన వచ్చింది, ప్రతినిధుల సభలో హద్దే ఎత్తేసే బిల్లు వచ్చింది. ఏదీ నెగ్గలేదు. 2018 చట్టమూ, 2024 చట్టమూ 4.50ని ముట్టుకోకుండా దాటిపోయాయి.

ఇందులో చిన్న ఊళ్లకు సంబంధించిన మెలిక ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. 3 డాలర్లకు పైగా పీఎఫ్‌సీ తీసుకునే పెద్ద, మధ్యస్థాయి ఎయిర్‌పోర్టులు తమకు రావాల్సిన ఏఐపీ వాటాలో సగానికి పైగా వదులుకోవాలి. అలా వదిలిన దాంట్లో ఎక్కువ భాగం చిన్న ఎయిర్‌పోర్టులకు పోతుంది. పెద్ద నగరాలు తమ కాళ్లమీద తాము నిలబడితే గ్రాంటు పల్లెల వైపు మళ్లుతుందన్నమాట. హద్దు పెంచడమంటే డాలస్‌కు, డెన్వర్‌కు మాత్రమే లాభమని అనుకోవడం సరికాదు.

పద్నాలుగు రోజులు, నలభై కోట్లు

చట్టం గడువు తీరితే ఏమవుతుందో 2011లో తెలిసొచ్చింది. 2007లో ముగిసిన పాత చట్టాన్ని కాంగ్రెస్ 2012 దాకా 23 సార్లు కొద్దికొద్దిగా పొడిగించుకుంటూ వచ్చింది. 2011 జూలైలో ఆ పొడిగింపు కూడా కుదరలేదు. మారుమూల ఊళ్ల విమానాలకిచ్చే సబ్సిడీ మీద, కార్మిక సంఘాల ఎన్నికల నిబంధన మీద రెండు సభలూ పట్టు వదల్లేదు. జూలై 23 నుంచి ఆగస్టు 5 వరకు ఎఫ్‌ఏఏలో సుమారు 4,000 మంది జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నారు. గ్రాంటుల మీద నడిచే పనులు ఎక్కడివక్కడ ఆగాయి. టవర్లు కడుతున్న కూలీలు పని సగంలో వదిలి వెళ్లారు.

ఇంకో వైపు టికెట్ పన్ను వసూలు చేసే అధికారమూ పోయింది. రోజుకు దాదాపు 3 కోట్ల డాలర్లు. 200 డాలర్ల టికెట్ మీద 7.5 శాతం చొప్పున 15 డాలర్లు ప్రయాణికుడికి మిగలాలి. చాలా ఎయిర్‌లైన్లు సరిగ్గా ఆ మేరకు ఛార్జీలు పెంచేశాయి. ప్రయాణికుడు కట్టింది అంతే, ట్రస్ట్ ఫండ్‌కు చేరింది సున్నా. రెండు వారాల్లో 40 కోట్ల డాలర్ల దాకా అలా పోయింది. రన్‌వేకి వెళ్లాల్సిన డబ్బు అది.

రెండేళ్ల తర్వాత ఇంకో దెబ్బ. 2013 వసంతంలో ఖర్చుల కోత పేరుతో, కాంట్రాక్టు మీద నడిచే 149 కంట్రోల్ టవర్లు మూసేస్తామని ఎఫ్‌ఏఏ ప్రకటించింది. అవన్నీ చిన్న, మధ్యస్థాయి ఊళ్లవి. మేయర్లు, కౌంటీ కమిషనర్లు వాషింగ్టన్‌కు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. కొన్ని వారాల్లోనే కాంగ్రెస్ ఒక చిన్న చట్టం చేసి, టవర్లకూ నియంత్రకుల జీతాలకూ 25 కోట్ల 30 లక్షల డాలర్ల దాకా మళ్లించుకోనిచ్చింది. మే 1న ఒబామా సంతకం. టవర్లు బతికాయి. కానీ ఆ డబ్బు తీసింది ఏఐపీ నుంచే. రన్‌వేల సొమ్ముతో టవర్లు నిలిపారు.

ఐదు రోజుల తర్వాత, మే 6న, సెనేట్ ఇంకో బిల్లు నెగ్గించింది. ఈసారి ఇంటర్నెట్ అమ్మకాల గురించి.

ఆఫీసు సామాన్ల కంపెనీ, ఫర్నిచర్ కంపెనీ

క్విల్ అనే కంపెనీ ఆఫీసు సామాన్లు పోస్టులో అమ్మేది. నార్త్ డకోటా రాష్ట్రంలో దానికి 3,000 మంది కొనుగోలుదారులు, ఏడాదికి దాదాపు 10 లక్షల డాలర్ల వ్యాపారం ఉన్నాయి. దుకాణం గానీ, గుమాస్తా గానీ అక్కడ లేరు. పన్ను వసూలు చేసి కట్టమని రాష్ట్రం అడిగింది. 1992లో సుప్రీంకోర్టు కుదరదంది. రాష్ట్రంలో కాలు మోపని వ్యాపారి చేత పన్ను వసూలు చేయించకూడదని, మార్చాలంటే కాంగ్రెస్ మార్చుకోవచ్చని చెప్పింది. ఆ కేసులో నార్త్ డకోటా పన్నుల కమిషనర్‌గా ఉన్న హైడీ హైట్‌కాంప్ ఇరవై ఏళ్ల తర్వాత సెనేటర్ అయి, అదే తీర్పును సరిదిద్దే బిల్లుకు మద్దతు పలికారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పన్ను అప్పుడూ ఉంది. అమ్మినవాడు వసూలు చేయకపోతే కొన్నవాడే వినియోగ పన్ను పేరుతో లెక్కకట్టి చెల్లించాలి. చట్టంలో అలా రాసుంది. కట్టినవాళ్లు అరుదు. కాబట్టి నగరాలు అడిగింది కొత్త పన్ను కాదు, ఉన్నదాన్ని రాబట్టే పద్ధతి.

నష్టం ఎంత? ఇక్కడ అంకెలు జాగ్రత్తగా చదవాలి. టెనెసీ విశ్వవిద్యాలయం పరిశోధకుల అంచనాతో రాష్ట్రాలు, నగరాలు పదేపదే చెప్పిన మొత్తం 2012లో 2,330 కోట్ల డాలర్లు. అందులో ఇంటర్నెట్ వాటా 1,140 కోట్లే, మిగిలింది క్యాటలాగ్ వంటి ఇతర దూర అమ్మకాలది. కాంగ్రెస్ ఆడిట్ సంస్థ జీఏఓ 2017లో లెక్క వేస్తే 800 నుంచి 1,300 కోట్లు తేలింది. ఎందుకు తగ్గిందంటే ఆ మధ్యలో అమెజాన్ గిడ్డంగులు రాష్ట్రాల్లో విస్తరించి, 2017 ఏప్రిల్ నాటికి అమ్మకపు పన్ను ఉన్న 45 రాష్ట్రాల్లోనూ తన సొంత సరుకు మీద పన్ను వసూలు మొదలుపెట్టింది. తన వేదిక మీద అమ్మే ఇతర వ్యాపారుల సంగతి మాత్రం అప్పటికి తేలలేదు. వినతిపత్రంలో పెద్ద అంకె చెప్పడం సంఘాలకు అలవాటే. కానీ వెయ్యి కోట్లయినా చిన్న మొత్తం కాదు, దాన్ని పెంచి చెప్పాల్సిన అవసరమూ లేదు.

2013 మే 6న సెనేట్‌లో ఆ బిల్లుకు 69–27 ఓట్లు పడ్డాయి. రెండు పార్టీలవాళ్లూ వేశారు. ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు దూర అమ్మకాలున్న చిన్న వ్యాపారులకు మినహాయింపు కూడా పెట్టారు. అమెజాన్ అప్పటికి సమర్థించింది, ఈబే వ్యతిరేకించింది. ప్రతినిధుల సభలో న్యాయ కమిటీ దగ్గర బిల్లు ఆగిపోయింది. ఐదేళ్లు కదల్లేదు.

కాంగ్రెస్ కదలకపోతే రాష్ట్రాలే కోర్టును కదిలించాయి. సౌత్ డకోటాకు ఆదాయపు పన్ను లేదు, అమ్మకపు పన్నే ఆధారం. ఏటా 4.8 నుంచి 5.8 కోట్ల డాలర్లు పోతున్నాయని దాని లెక్క. 2016లో కావాలనే పాత తీర్పుకు ఎదురు చట్టం చేసింది: రాష్ట్రంలో లక్ష డాలర్ల అమ్మకమో, 200 లావాదేవీలో ఉన్న ఎవరైనా పన్ను వసూలు చేయాలని. ఫర్నిచర్ అమ్మే వేఫేర్, మరో రెండు కంపెనీలు ఎదురు నిలిచాయి. నగరాల, కౌంటీల సంఘాలు రాష్ట్రం పక్షాన వాదన దాఖలు చేశాయి. 2018 జూన్ 21న 5–4తో పాత తీర్పులు రద్దయ్యాయి. జస్టిస్ కెనెడీ రాసిన తీర్పులో 1992 నాటి పోస్టు అమ్మకాలు 18,000 కోట్ల డాలర్లని, 2017లో ఇంటర్నెట్ చిల్లర అమ్మకాలు 45,350 కోట్లని లెక్కలున్నాయి.

ఓడిన నలుగురి తరఫున ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాసిన అసమ్మతి కూడా కొట్టిపారేయదగింది కాదు. దేశంలో పన్ను వేసే పరిధులు పది వేలకు పైగా ఉన్నాయని, చిన్న వ్యాపారికి అవన్నీ తెలియడం ఎలా అని ఆయన అడిగారు. ఇలినాయ్‌లో పిండి ఉన్న ట్విక్స్ ఆహారం, పిండి లేని స్నికర్స్ మిఠాయి. టెక్సస్‌లో మామూలు డియోడరెంట్‌కు పన్ను ఉంది, చెమట ఆపేదానికి లేదు. న్యూజెర్సీలో కళాఖండం అల్లే ఊలుకు పన్ను పడుతుంది, స్వెటర్ అల్లే ఊలుకు పడదు. ఈ ఇబ్బంది నిజమైంది. రాష్ట్రాలు అమెజాన్ లాంటి వేదికల మీదే వసూలు బాధ్యత పెట్టడంతో అక్కడ అమ్మేవాళ్లకు భారం తప్పింది. సొంత వెబ్‌సైటులో చీరలో, పచ్చళ్లో రాష్ట్రాల మీదుగా అమ్మే చిన్న వ్యాపారికి తప్పలేదు.

తీర్పు వచ్చిన సమయం ఊళ్లను కాపాడింది. 2020లో కోవిడ్‌కు దుకాణాలు మూతపడ్డాయి, రెండో త్రైమాసికంలో చిల్లర అమ్మకాల్లో ఇంటర్నెట్ వాటా 16 శాతం దాటింది. ఆ వ్యాపారమంతా పన్ను లేకుండా పోయి ఉంటే పోలీసుల జీతాల దగ్గరే చాలా ఊళ్లు చేతులెత్తేసేవి. 45 రాష్ట్రాల్లో చివరిదైన మిస్సోరీ 2023 జనవరి 1 నుంచి ఈ దారిలోకి వచ్చింది. అలాస్కా సంగతి ఇంకా ఆసక్తికరం. అక్కడ రాష్ట్ర అమ్మకపు పన్నే లేదు, వంద పైచిలుకు ఊళ్లు విడివిడిగా వేసుకుంటాయి. కోర్టు తీర్పు తర్వాత ఆ ఊళ్ల సంఘం ముందుండి ఉమ్మడి కమిషన్ పెట్టించింది. దూరపు వ్యాపారి ఇప్పుడు ఆ కమిషన్‌కు ఒక్క రిటర్ను వేస్తే చాలు.

ఏ ఊరి రెండు డాలర్లు?

గీత చెరిగాక గొడవ ఊళ్ల మధ్యకు వచ్చింది. ఫ్రిస్కో కుక్కర్‌కు మళ్లీ వద్దాం. స్థానికపు 2 డాలర్లలో ఒకటి నగర సాధారణ ఖర్చులకు, అర డాలరు పార్కుల వంటి సామాజిక వసతులకు, అర డాలరు పరిశ్రమలను రప్పించేందుకు. ఇది ఫ్రిస్కోకు దక్కాలంటే అమ్మకం ఫ్రిస్కోలో జరిగినట్టు లెక్క రావాలి. రాష్ట్రం బయటి వ్యాపారి అయితే కొన్న ఊరికే చేరుతుంది. కావాలంటే అతను ఊరూరి రేటు వెతుక్కోకుండా 1.75 శాతం ఒకే స్థానిక రేటు వేసుకోవచ్చు. టెక్సస్‌లోనే వ్యాపార స్థలమున్న కంపెనీ అయితే పాత లెక్కలో పన్ను చాలాసార్లు అమ్మకందారు ఉన్న ఊరికి పోయేది. అందుకే కొపెల్, రౌండ్ రాక్ వంటి నగరాలు పన్ను రాయితీలిచ్చి మరీ కంపెనీలను తెచ్చుకున్నాయి. వెబ్‌సైటులో వచ్చిన ఆర్డరును ఎక్కడ లెక్కకట్టాలన్న నిబంధనను రాష్ట్ర కంప్ట్రోలర్ 2020లో మార్చగానే ఈ నగరాలు కోర్టుకెక్కాయి. గిడ్డంగుల లారీలు మా రోడ్లనే పాడుచేస్తాయన్నది వాళ్ల వాదన. కొన్నది మా జనమన్నది మిగతా ఊళ్ల వాదన. నేను రెండోదాని వైపే ఉంటాను. పన్ను కట్టేది కొనేవాడు, అతని చెత్త ఎత్తేది అతని ఊరు. లారీల రోడ్డుకు ఆస్తిపన్ను ఉంది.

మన జీఎస్టీ ఈ ప్రశ్నను ముందే తేల్చుకుంది. 2017 జూలై 1 నుంచి పన్ను సరుకు చేరే రాష్ట్రానిదే. బెంగళూరు వ్యాపారి గుంటూరుకు పంపితే రాష్ట్ర వాటా ఆంధ్రప్రదేశ్‌కు వస్తుంది. కాకపోతే గుంటూరు నగరపాలక సంస్థకు అందులో నేరుగా పైసా లేదు. ఊరికి సొంత రేటు, సొంత వాటా ఉన్న అమెరికా పద్ధతి ఎంత గజిబిజి అయినా, ఈ ఒక్క విషయంలో మన మున్సిపాలిటీల కంటే అక్కడి ఊళ్లు గట్టి నేల మీద నిలబడ్డాయి.

ఎయిర్‌పోర్టూ అమ్మకపు పన్నూ నేరుగా ఢీకొన్న చోటు విమాన ఇంధనం. అట్లాంటా ఎయిర్‌పోర్టు నగరానిది, కానీ స్థలం ఎక్కువగా పక్కనున్న క్లేటన్ కౌంటీలో ఉంది. అక్కడ విమానాల్లో నింపే ఇంధనం మీద పడే స్థానిక అమ్మకపు పన్నులో కొంత కౌంటీ బడులకు వెళ్లేది. 2014 నవంబరులో ఎఫ్‌ఏఏ ఒక విధానం ఖరారు చేసింది: 1987 డిసెంబరు 30 తర్వాత వచ్చిన ఏ స్థానిక పన్ను అయినా, విమాన ఇంధనం మీద వసూలైన మేరకు ఎయిర్‌పోర్టు పనులకే ఖర్చు కావాలని. సర్దుకోవడానికి మూడేళ్ల గడువిచ్చింది. మేం వేసింది అన్ని సరుకుల మీదా సమానంగా వేసే పన్ను, విమానాల కోసం ప్రత్యేకంగా వేసింది కాదని కౌంటీలు మొత్తుకున్నాయి. క్లేటన్ కోర్టుకు కూడా వెళ్లింది, లాభం లేకపోయింది. రాత్రీ పగలూ విమానాల మోత వినే పిల్లల బడికి ఆ ఇంధనం పన్ను చేరకూడదన్న నియమం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇప్పుడున్న విమానయాన చట్టం గడువు 2028 సెప్టెంబరు 30. మౌలిక వసతుల చట్టం కింద ఎయిర్‌పోర్టులకు కేటాయింపులు 2026 ఆర్థిక సంవత్సరంతో ముగుస్తాయి. ఆ సొమ్ము ఆగిపోయాక పీఎఫ్‌సీ ప్రశ్న మళ్లీ పైకి వస్తుంది, నగరాల సంఘాల చేతిలో మళ్లీ అదే వినతి ఉంటుంది. హద్దును 7.50 చేస్తారా, ధరల సూచీకి ముడిపెడతారా, ప్రయాణం మొదలైన చోటే వసూలు చేయమంటారా అన్నవి మూడు వేర్వేరు నిర్ణయాలు. వీటిలో సూచీకి ముడిపెట్టడం ఒక్కటే జరిగినా చాలు, పాతికేళ్లకోసారి బతిమాలే పని తప్పుతుంది. అమ్మకపు పన్ను విషయంలో కోర్టు దాకా వెళ్లి గెలవగలిగారు. పీఎఫ్‌సీకి ఆ దారి లేదు. 1972లో కోర్టు ఇచ్చినదాన్ని 1973లో తీసుకున్నది చట్టసభే కాబట్టి, తిరిగి ఇవ్వాల్సిందీ అదే.